తుమ్మని పిల్ల

పెళ్ళి గుర్రబ్బండికి ఎనిమిది వేలన్నాడు
నాజ్ సెంటర్ దగ్గర బ్యాండు మేళం ఆయన.
మూడు కిలోమీటర్లకి ఎనిమిది వేలా అంటే
గుగ్గిళ్ళ ఖర్చు వేరే అన్నాడు, పళ్ళు కుట్టుకుంటూ.
టాపు లేని జీపుకి డిపాజిట్ అడిగారు.
పువ్వుల కారు ముహూర్తాల్లో దొరకదన్నారు.
పదకొండు మందిమి, తలా రెండొందలు.
బి సెక్షన్ వాళ్ళు ఏసీ బస్సు మాట్లాడుకున్నారని
కబురు ముందే వచ్చేసింది.

"మిర్చి యార్డులో ట్రాలీలుంటాయి" అన్నాను.
"నాకు తెలిసిన డ్రైవరొకాయన ఉన్నాడు."
తెలిసిన అన్న ఆ మాట
పంటి సందున ఇరుక్కున్న తేజ గింజలా
చాలాసేపు మండింది.

రాత్రి అన్నం దగ్గర నాన్నతో చెప్పాను,
బండి సంగతి, ఆ మాట సంగతి.
మజ్జిగ కలుపుకుంటూ విన్నాడు.
"అయితే నువ్వెవరో నాకు తెలీదు, అంతేగా"
అని ఉప్పు అందుకున్నాడు.

మర్నాడు స్కూలు గేటు దగ్గర
మా నాన్న ఎంత బాగా పరాయివాడయ్యాడో!
రెండు వేల రెండొందలకి ససేమిరా అన్నాడు.
డీజిల్ రేటు చెప్పాడు, బ్రాడీపేట ట్రాఫిక్ చెప్పాడు,
ఝాన్సీ గడ్డం పట్టుకున్నంత పని చేస్తే
సరే, బోణీ బేరం కదా అని దిగొచ్చాడు.
నా రెండొందలు నా చేతిలోంచే తీసుకుని
వెలుతురుకి పెట్టి మరీ చూశాడు.
పొద్దున ఆయన జేబులోంచి వచ్చిన నోటే అది.

ఫేర్‌వెల్ సాయంత్రానికి
మూడుసార్లు కడిగిన ట్రాలీ చెక్కలు ఇంకా ఆరలేదు.
పట్టా, దాని మీద పక్కింటివాళ్ళ జంపఖానా,
నాలుగు మూలలా కర్రలు, వాటికి సీరియల్ బల్బులు.
ముందద్దం మీద నా పేరు స్టిక్కరుండే చోట
బంతిపూల దండ, కిందికి, బాగా కిందికి.
దారెట్లా కనపడుద్దయ్యా అని వాచ్‌మన్ అడిగితే
"అలవాటైన దారేలే" అన్నాడు.

అమ్మల పట్టుచీరలు, డజన్ల కొద్దీ పిన్నీసులు,
నస్రీన్ కుట్టించుకున్న ముత్యాల గాగ్రా.
కొత్తపేటలో మేం చేతులూపితే
ఆసుపత్రి మెట్ల మీద క్యారేజీలతో కూర్చున్నవాళ్ళు కూడా
చేతులూపారు.
శంకర్ విలాస్ వంతెన ఎక్కుతుంటే గాలి లేచింది.
చెక్కల సందుల్లో, మేకుల తలల కింద
ఏ నీళ్ళకీ లొంగకుండా దాక్కున్న మిరప ధూళి
జంపఖానా అంచుల్లోంచి బయటికొచ్చింది.

మొదట కరుణ. తర్వాత లిఖిత. తర్వాత వరస లేదు.
తుమ్ము మీద తుమ్ము, ఒకళ్ళ మీద ఒకళ్ళు,
కాటుకలు చెంపల మీదికి,
జడల్లో పూలు జంపఖానా మీదికి.
వెనకాల స్కూటర్ మీద పోయే పెద్దాయన కూడా తుమ్మాడు.
వంతెన కింద రైలు వెళ్ళింది, ఎవరికీ వినపడలేదు.

పదిమంది తుమ్ముతున్నారు.
ట్రాలీలో నేనూ, క్యాబిన్లో ఆయనా
తుమ్మడం లేదు.

టిక్కీల మీద ఎక్కి ఆడుకున్న ముక్కు ఇది.
మా ఇంట్లో దిండ్లకి కూడా ఆ ఘాటే,
ఏప్రిల్లో వచ్చిన చుట్టాలు గడప దాటకుండానే తుమ్ముతారు.
మాకు మాత్రం అది గాలి.

ఝాన్సీ కళ్ళు తుడుచుకుని నన్ను చూసింది.
క్యాబిన్ వెనక అద్దంలోంచి ఆయన మెడ చూసింది.
మళ్ళీ నన్ను.
ఏమీ అడగలేదు. చెవిలో అంది:
"తుమ్మవే మొద్దూ, ఒక్కటన్నా."

తుమ్మాను. రాని తుమ్ము,
స్కూలు నాటకంలో తుమ్మే తుమ్ము.

హారన్ కంటే ముందు, ఆలోచన కంటే ముందు
క్యాబిన్లోంచి, నా ప్రతి జలుబుకీ
పుట్టినప్పటినుంచీ వచ్చే మాట వచ్చింది:
"చిరంజీవ, గోవర్ధనీ."

బండి వంతెన దిగుతోంది.
సీరియల్ బల్బులు ఆరి వెలిగాయి.
నస్రీన్ గాగ్రా కొంగుతో ముక్కు చీదుకుని
"మా తుమ్ములకెవరూ అనరా అంకుల్?" అంది.

ఆయన బండి స్లో చేశాడు.
చిరంజీవ నస్రీన్, చిరంజీవ కరుణ,
చిరంజీవ లిఖిత, ఝాన్సీ, హైమ...
పది పేర్లు. ఒక్కటీ తడుముకోలేదు.
అన్నం దగ్గర, రోజూ,
నేను వాగుతుంటే ఆయన వింటున్నట్టే ఉండేవాడు కాదు.